కావాలని చేశాడా, పొరపాటున తగిలిందా? ఆటిజం ఉన్న బాబుకు ఎదుటివాళ్ల ఉద్దేశం ఎలా తెలుస్తుంది

అమ్మా, మీరు రాసిన రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ప్రేయర్ లైన్లో వెనకాల పిల్లవాడి బ్యాగు వీపుకు తగిలితే "వాడు నన్ను కొట్టాడు" అని మీ బాబు వెనక్కి తిరిగి తోసేశాడు, ఆ పిల్లవాడి మోచెయ్యి గీరుకుపోయింది. అదే వారంలో నలుగురు చేరి "నీ వాటర్ బాటిల్ కిటికీలోంచి పారేస్తే క్రికెట్‌లో చేర్చుకుంటాం" అంటే నిజమేననుకుని పారేశాడు. తీరా గ్రౌండ్‌లో వాళ్లు రానివ్వకపోతే గంటసేపు ఏడ్చాడు. తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి, మాటలు బాగానే వచ్చు, లెక్కల్లో ముందుంటాడు. పరీక్ష చేసినవాళ్లు మాత్రం "ఇతనికి థియరీ ఆఫ్ మైండ్ లేదు" అని, అంటే ఎదుటివారి మనసులో ఏముందో ఊహించే శక్తి లేదని, ఒక్క ముక్కలో తేల్చేశారు. అపకారం తలపెట్టనివాడిని శత్రువంటాడు, ఆటపట్టించేవాడిని నమ్ముతాడు, వీడికి మనుషులు ఎప్పటికైనా అర్థమవుతారా అని మీరు అడిగారు.

అవుతారు. మనకు అర్థమైనంత వేగంగా, మనం నడిచే దారిలోనే అని మాత్రం చెప్పలేను. విజయవాడలో పంతొమ్మిదేళ్లుగా ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెబుతున్నాను. తల్లిదండ్రుల్ని ఎక్కువగా కుంగదీసిన మాట ఏదని అడిగితే ఈ "లేదు" అన్న మాటే అంటాను. లేదని తేల్చేశాక ఇక నేర్పడానికి ఎవరికీ మనసు రాదు. అందుకే ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్తాను, దాని బరువెంతో మీరే తూచుకోవచ్చు.

1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ అనే పరిశోధకులు పిల్లల ముందు రెండు బొమ్మలతో చిన్న నాటకం ఆడారు. శాలీ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. ఆమె లేనప్పుడు ఆన్ దాన్ని తీసి పెట్టెలో పెడుతుంది. శాలీ తిరిగొచ్చి గోళీ కోసం ఎక్కడ వెతుకుతుంది? బుట్టలోనే, చోటు మారిన సంగతి ఆమెకు తెలియదు కనక. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెను చూపించారు. తెలివితేటల ఎదుగుదలలో వీళ్లకంటే వెనకబడిన, డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది సరిగ్గా చెప్పారు. కాబట్టి ఇది తెలివికి సంబంధించింది కాదు, ఎదుటివారి మనసులో ఏముందో ఊహించే దగ్గరే చిక్కు ఉందని వాళ్లు రాశారు. ఆటిజాన్ని అర్థం చేసుకోవడంలో అది పెద్ద మలుపు, కాదనను.

కానీ ఆ 20 మందిలో నలుగురు సరిగ్గానే చెప్పారు. ఆ నలుగురి సంగతి రిపోర్టులు రాసేవాళ్లకు గుర్తుండదు. పదేళ్ల తర్వాత, 1995లో, ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైఖేల్ సీగల్ ఇలాంటి పరీక్షే వినికిడి లేని పిల్లలకు పెట్టారు. వినపడే తల్లిదండ్రులకు పుట్టి, సైగల భాష ఆలస్యంగా అందిన పిల్లలు వాళ్లు. వాళ్లలోనూ ఎక్కువమంది తప్పే చెప్పారు. ఆ పిల్లలకు ఆటిజం లేదు. లేనిదల్లా, చిన్నప్పట్నుంచీ ఇంట్లో చెవిన పడాల్సిన మాటలు: "నువ్వొస్తావనుకున్నాను", "ఆయనకు తెలియక అలా అన్నాడు", "పిన్ని కోపంతో కాదు, భయంతో అరిచింది". ఎదుటివారి మనసు తెలియడానికి మనసుల గురించిన మాటలు వినడం ఎంత ముఖ్యమో నాకు ఈ సంగతి చదివాకే అర్థమైంది. నా పాఠం చెప్పే పద్ధతి అక్కడ మారింది.

ఇంకో సంగతి. ఆ గోళీ పరీక్ష అడిగేది శాలీ ఏమనుకుంటోంది అని. ఆమె ఏం చేయబోతోంది, ఎందుకు చేస్తోంది అనేది వేరే ప్రశ్న, కాస్త తేలికైన ప్రశ్న కూడా. 1995లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్ పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక బొమ్మను రెండు ముక్కలుగా లాగబోయి చెయ్యి జారినట్టు నటించాడు. పిల్లలు ఆ జారడాన్ని అనుకరించలేదు, బొమ్మను తీసుకుని లాగి చూపించారు. ఆయన చేసింది కాదు, చేయాలనుకున్నది చేశారు. 2001లో మలిండా కార్పెంటర్, ఆమె తోటివాళ్లు ఆటిజం ఉన్న చిన్నపిల్లలతో ఇదే చేసి చూశారు. ఆ పిల్లలూ చేశారు. మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. మీరు ఊరగాయ జాడీ మూత తిప్పలేక అవస్థ పడుతుంటే, లేదా అల్మారా పైఅర అందక మునివేళ్ల మీద నిలబడితే, అడక్కుండానే మీ బాబు వచ్చి చెయ్యి వేసిన రోజు ఒకటైనా ఉంటుంది. చేతిలో, వస్తువులో ఉన్న ఉద్దేశం వాడికి కనిపిస్తుంది. జారిపోయేది ముఖంలో, గొంతులో, అరక్షణం పాటు మెరిసి పోయే ఉద్దేశం.

ఇప్పుడు ఆ బ్యాగు దగ్గరికి వద్దాం. 2011లో జోసెఫ్ మోరన్, లియాన్ యంగ్, రెబెకా సాక్స్ తదితరులు ఆటిజం ఉన్న పెద్దవాళ్లకు, మంచి తెలివితేటలున్నవాళ్లకు, కొన్ని కథలు చెప్పి తప్పెవరిదని అడిగారు. ఒకామె స్నేహితురాలి కాఫీలో చక్కెర అనుకుని తెల్లటి పొడి వేసింది. అది విషం, స్నేహితురాలు చనిపోయింది. చాలామంది పాపం ఆమెకేం తెలుసు అంటారు. ఆటిజం ఉన్నవాళ్లు, తెలియక చేసిందని తెలిసినా, జరిగిన నష్టానికే ఎక్కువ బరువిచ్చారు. అంటే మనలో చాలామంది ఉద్దేశం నుంచి మొదలుపెట్టి ఫలితానికి వస్తాం, వీళ్లలో చాలామంది ఫలితం నుంచి మొదలుపెడతారు. మీ బాబుకు వీపు నొప్పి పుట్టింది. నొప్పి నిజం. నొప్పి పెట్టినవాడు వెనకాలే ఉన్నాడు. కనక కొట్టాడు. వాడి లెక్కలో ఎక్కడా తప్పు లేదు, ఒక అంకె రాలేదంతే. దానికితోడు, చెప్పకుండా వెనకనుంచి తగిలే స్పర్శ ఈ పిల్లల్లో చాలామందికి మనకంటే గట్టిగా తగులుతుంది. మనకు బ్యాగు రాసుకోవడం, వాడికి దెబ్బ. ఈ విషయం వాళ్ల క్లాస్ టీచర్‌కు చెప్పి లైన్లో చివర నిలబెట్టమనండి. రేపే చెప్పండి, దానికి ఏ థెరపీ అక్కర్లేదు.

పెద్దయ్యాక గోళీ పరీక్ష లాంటివి చాలామంది దాటేస్తారు. అయితే 2009లో అత్సుషి సెంజు బృందం చూపించిన సంగతి ఒకటుంది. ఆస్పెర్గర్ (మాటలు, తెలివితేటలు బాగానే ఉండే ఆటిజానికి అప్పటి పేరు) ఉన్న పెద్దవాళ్లు నోటితో అడిగితే సరైన జవాబే చెప్పారు. కానీ ఎవరూ అడక్కుండా అదే దృశ్యం చూపిస్తే, అవతలి మనిషి ఎటు వెతకబోతుందో ముందే పసిగట్టి వాళ్ల చూపు అటు వెళ్లలేదు. మనకు తన్నుకొచ్చేది వాళ్లు ఆలోచించి రాబట్టుకుంటారన్నమాట. ఆలోచనకు వ్యవధి కావాలి. బడి వరండా వ్యవధి ఇవ్వదు.

పైగా, మన ఇళ్లలో మాట్లాడుకునే తీరు ఒకసారి గమనించండి. "దూకు, దూకి కాళ్లు విరగ్గొట్టుకో" అంటాం, దూకొద్దని. "స్నానం చేయవా?" అని అడుగుతాం, అది ప్రశ్న కాదు. "బూచాడికిచ్చేస్తా" అంటాం, ఇవ్వం. పక్కింటావిడ "మా ఇంటికొచ్చేయ్, మీ అమ్మ నిన్ను మాకిచ్చేసింది" అని ముద్దుగా అంటే ఆ రాత్రి నిద్రపోని పిల్లల్ని నేను చూశాను. మా దగ్గరికొచ్చే ఒక పాప వాళ్ల తాతగారు "వెళ్లొస్తానమ్మా" అని ఊరికి బయల్దేరితే గుమ్మంలో కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. వస్తానన్నాడు కదా. చీకటిపడ్డాక వాళ్లమ్మ ఎత్తుకెళ్లబోతే చెయ్యి కొరికింది. ఇంట్లోవాళ్లు మొండితనం అన్నారు. ఆ పిల్ల మాటను నమ్మింది, మాట ఇచ్చిన మనిషి కోసం ఎదురుచూసింది. అందులో మొండితనం ఎక్కడుంది?

కనక మొదటి పని ఇంట్లో పెద్దవాళ్లది. ఉద్దేశాన్ని నోటితో చెప్పండి. "తాతయ్య ఊరెళ్తున్నారు, సంక్రాంతికి వస్తారు." "నవ్వుతూ అన్నాను, ఇది సరదా మాట, నిజం కాదు." "గట్టిగా మాట్లాడుతున్నాను, కోపం కాదు, మిక్సీ చప్పుడు." మొదట్లో నాటకంలా ఉంటుంది. రెండు నెలలు పట్టుబట్టండి.

రెండో పనికి మన భాషే ఒక సాయం అందిస్తుంది, దీన్ని నేను చాలా వాడుకుంటాను. తెలుగులో దానంతటది జరిగిందానికీ, ఎవరో చేసిందానికీ జంట మాటలున్నాయి: ఒలికింది, ఒలకబోశాడు. విరిగింది, విరగ్గొట్టాడు. చిరిగింది, చింపాడు. పడింది, పడేశాడు. తగిలింది, కొట్టాడు. కానీ ఇంట్లో మనం ఏమంటున్నామో వినండి. గ్లాసు చెయ్యి జారితే "మళ్లీ పాలు ఒలకబోశావా!" అంటాం. పెన్సిల్ దానంతటది విరిగితే "విరగ్గొట్టేశావా!" అంటాం. పొరపాటుకు కూడా కావాలని చేసినవాడికి వాడే మాటే వాడుతున్నాం. ముఖం చూసి తేడా పట్టుకోగల పిల్లలకు ఫరవాలేదు. మాటను పట్టుకుని నడిచే పిల్లవాడికి అది తప్పుడు పాఠం. ఈ ఒక్కటి మార్చుకోండి. జారితే "ఒలికింది, పొరపాటు, గుడ్డ తెచ్చుకుందాం". కావాలని పోస్తే "ఒలకబోశావు". వంటింట్లో రోజుకు నాలుగైదు అవకాశాలొస్తాయి. మీ చెయ్యి జారినప్పుడు కూడా పైకి చెప్పండి: "నా చెయ్యి తగిలి పడింది, నేను కావాలని పడేయలేదు."

అలాగే "అనుకోవడం" అనే మాట. అను, కొను. తనకు తాను చెప్పుకోవడం. "మనసులో ఏముంది" అంటే బిక్కమొహం వేసే పిల్లలు "మనసులో తనకు తాను ఏం చెప్పుకున్నాడు" అంటే వెంటనే పట్టుకుంటారు. పైకి అన్న మాట నోటి పక్కన గుండ్రటి బుడగలో రాస్తాం. అనుకున్నమాట తల పైన మబ్బులో రాస్తాం. కారల్ గ్రే అనే అమెరికన్ టీచర్ ఇలా గీతబొమ్మలతో సంభాషణలు నడిపే పద్ధతిని 1990లలో ప్రచారంలోకి తెచ్చారు. ఇది ఈ పిల్లలకు నప్పడానికి ఒక కారణం ఉంది. ఒక వస్తువును ఫోటో తీసి, తర్వాత ఆ వస్తువు చోటు మార్చి, "ఫోటోలో అది ఎక్కడుంది?" అని అడిగితే, గోళీ ప్రశ్న తప్పిన పిల్లలే సరిగ్గా చెబుతారని 1990ల మొదట్లోనే తేలింది. కాగితం మీద నిలిచే బొమ్మ వాళ్లకు సులువు. మనసును కాగితం మీదికి తెస్తే అదీ సులువవుతుంది.

మూడేళ్ల కిందట జరిగింది చెప్తాను, పిల్లవాడు గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. పదేళ్ల అబ్బాయి. బడి బస్సులో ఒకడు కాలు తొక్కాడని క్యారేజీతో వాడి భుజం మీద కొట్టాడు. ఆ రోజు ఏమీ అడగలేదు. వేడి మీద ఉన్నప్పుడు అడిగితే ప్రశ్న కూడా దెబ్బలాగే తగులుతుంది. మర్నాడు పొడవు నోటుబుక్కు తెరిచి బస్సు గీశాను. ఆరు కిటికీలుండాలి, నేను అయిదు గీశానన్నాడు. మళ్లీ గీయాల్సి వచ్చింది. సీట్ల రంగు కూడా వేయమన్నాడు. పది నిమిషాలు దానికే పోయాయి, పోనిచ్చాను. ఆ తర్వాత రెండు తలలు గీశాం. అవతలి అబ్బాయి తల పైన మబ్బు వేసి పెన్సిల్ వాడి చేతికిచ్చాను. ఆలోచించకుండా రాసేశాడు: "వీడి కాలు తొక్కాలి."

"వాడి కళ్లు ఎటున్నాయి?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ తలకు కళ్లు పెట్టి, కళ్లనుంచి వెనక కిటికీ దాకా చుక్కల గీత గీశాడు. "ఇంకో బస్సు ఓవర్‌టేక్ చేస్తోంది. వాడు అది చూస్తున్నాడు."

"కాలు వైపు?"

"కాలు వైపు చూడలేదు."

రబ్బరు తీసుకుని మబ్బులో రాసింది చెరిపాడు, కాగితం నలిగిపోయేదాకా. "పొరపాటున తొక్కాను" అని రాస్తాడని ఎదురుచూస్తున్నాను, రాయించాలని నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వాడు రాసింది "నాకు తెలీదు".

అమ్మా, ఆ అబ్బాయితో గడిపిన మూడు నెలల్లో మేము సాధించిందానిలో అదే పెద్దది. మనం ఈ పిల్లలకు "వాడు కావాలని చేయలేదు" అని ఒప్పించడానికి చూస్తాం. నిజానికి ఆ బస్సులో ఏం జరిగిందో నాకూ తెలియదు. కొన్నిసార్లు పిల్లలు కావాలనే తొక్కుతారు. ప్రతిదీ పొరపాటేనని నేర్పిస్తే, నిజంగా ఏడిపించేవాళ్ల చేతికి పిల్లవాణ్ణి అప్పగించినట్టే. "తెలీదు" అన్నది కొట్టడానికీ నమ్మడానికీ మధ్య ఉన్న చోటు. అక్కడ ఆగగలిగితే తర్వాతి మెట్టు నేర్పొచ్చు: "కావాలని చేశావా?" అని నోటితో అడగడం. ఈ వాక్యాన్ని ఇంట్లో వందసార్లు సాధన చేయించండి, మీరూ వాళ్ల నాన్నగారూ భుజం తగిలించుకుంటూ ఆటలాగా. మామూలు గొంతుతో అడగడం కూడా సాధన చేయాలి, లేకపోతే అదే పోట్లాటకు పిలుపులా వినిపిస్తుంది. ముఖాల ఫోటోలున్న కార్డులు చూపించి "కోపం", "సంతోషం" అని చెప్పించే తరగతులకు డబ్బు పోసే ముందు ఆలోచించుకోండి. పిల్లలు కార్డుల్ని నేర్చుకుంటారు. అలా నేర్చుకున్నది బడి మెట్ల దాకా కూడా వెంటరాదని నా అనుభవం. ఇలాంటి శిక్షణల్ని పరీక్షించిన అధ్యయనాల్లోనూ, నేర్పినచోట మెరుగుదల కనిపించినా బయటి జీవితంలోకి తక్కువగానే వెళ్లిందని పదేపదే తేలింది.

వాటర్ బాటిల్ సంగతికి ఈ దారి సరిపోదు. అక్కడ కళ్లు ఎటున్నాయో చూసినా లాభం లేదు, మోసం చేసేవాడు నవ్వుతూనే చేస్తాడు. అక్కడ మనిషిని చదవమని పిల్లవాణ్ణి అడగకండి, పనిని చదవమనండి. "దీనివల్ల నా వస్తువు పోతుందా? ఎవరికైనా దెబ్బ తగులుతుందా? టీచర్ చూస్తుండగా ఇది చేయొచ్చా?" ఒక్కదానికి జవాబు తేడాగా వచ్చినా చేయకూడదు, ఫలానా టీచర్‌ని అడగాలి. ఆ టీచర్ పేరు ముందే ఖాయం చేసి ఉండాలి, ఆమెకూ తెలిసుండాలి. మీ బాబు లాంటి పిల్లలకు నియమాలంటే ఇష్టం, గట్టిగా పట్టుకుంటారు, ఇక్కడ అది కాపాడుతుంది. ఆ నలుగురి విషయం మాత్రం మీ బాబు లోపం కిందికి రాదు. మాట ఇచ్చి తప్పింది వాళ్లు. బడికి వెళ్లి ఆ మాట స్పష్టంగా చెప్పండి, దాన్ని ఏడిపించడం అనే పేరుతోనే పిలవండి. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. బడిలో మీరు దయ అడగడం లేదు.

చివరిగా, మీరు అడగనిది ఒకటి చెప్పాలి. మీ బాబు ఎదుటివాళ్ల ఉద్దేశాన్ని తప్పుగా చదువుతున్నాడని రాశారు. వాడి ఉద్దేశాన్ని మనం ఎంత సరిగ్గా చదువుతున్నాం? డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, తనకూ ఆటిజం ఉంది, 2012లో ఈ అర్థంకాకపోవడం రెండువైపులా ఉందని వాదించారు. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం దాన్ని ఒక రకంగా పరీక్షించింది. ఎనిమిది మందిని వరసగా పెట్టి ఒకరినుంచి ఒకరికి కథ చెప్పించారు. అందరికీ ఆటిజం ఉన్న వరసలో కథ ఎంత నిలిచిందో, ఎవరికీ లేని వరసలోనూ అంతే నిలిచింది. ఇద్దర్నీ కలిపిన వరసల్లోనే ఎక్కువ జారిపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఏడేళ్ల పాప ఒకతె నేను దగ్గరికెళ్లినప్పుడల్లా నా పైట పట్టుకుని గట్టిగా కిందికి లాగేది. నా దృష్టి తనమీద పడాలని చేస్తోందనుకున్నాను. మూడు వారాలు ఆ పాపను నాకు దూరంగా, గోడ వైపు కూర్చోబెట్టాను. ఒకరోజు కరెంటు పోయింది. ఆ రోజంతా తను నా పక్కనే కూర్చుంది, పైట ముట్టుకోలేదు. ఫ్యాను తిరిగినప్పుడు నా పైట కొంగు తన మొహం ముందు రెపరెపలాడేదని, అది ఆపడానికి పట్టుకునేదని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి కొంగు దోపుకుంటున్నాను. ఆ మూడు వారాలు మాత్రం ఇప్పటికీ నన్ను వదలవు. ఆ పాపకు ఆటిజం, నాకు లేదు, మనసు చదవలేనిది నేను.

కనక మీ బాబు ఆ పిల్లవాణ్ణి తోసిన రోజు మబ్బులో ఏముందో బడికి చెప్పండి: "నన్నెవరో కొట్టారు, నన్ను నేను కాపాడుకోవాలి." మోచెయ్యి గీరుకున్న ఆ అబ్బాయికి కూడా చెప్పించండి, వాళ్లమ్మగారితో మీరే మాట్లాడండి. తొమ్మిదేళ్ల పిల్లలకు విడమరిచి చెబితే మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. తోయడం తప్పేనని మీ బాబుకూ చెప్పాలి, సారీ చెప్పించాలి. ఉద్దేశం వేరు, దెబ్బ వేరు అని రెండువైపులా వాడికి తెలియాల్సింది అక్కడే.

ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ఈ వారం గొడవ జరిగినా జరగకపోయినా రోజుకొక బొమ్మ గీయండి, ఇంట్లో జరిగిన చిన్న విషయాలతోనే మొదలుపెట్టండి. నాన్న టీవీ ఆపేశారు, మబ్బులో ఏముంది? అమ్మ తలుపు గట్టిగా వేసింది, మబ్బులో ఏముంది? వాడు రాసింది దిద్దకండి, ఉన్నది ఉన్నట్టు ఉంచండి. మీ మబ్బులో మీరు నిజంగా అనుకున్నదే రాయండి, విసుగైతే విసుగనే. ఏడు పేజీలయ్యాక అవి ఎలా ఉన్నాయో నాకు రాయండి, తర్వాత ఏం చేయాలో వాటిని చూసి చెప్తాను.